రన్నింగ్ స్కోరు

పొద్దుగాల అయిదింటికి
కోర్టు మీద బూడిద ఊడ్చుడే మా వార్మప్.
రాత్రంత మిల్లులు ఊక కాల్చి
ఉప్పుడు బియ్యం వాసన కలిపి
మిర్యాలగూడ నెత్తిన చల్లుతయి.
చీపురు పట్టినోడు గీత కనపడేదాంక ఊడ్వాలె.
ఫ్రీ త్రో గీత దొరికిందంటే
ఇగ తెల్లారినట్టే లెక్క.

పన్నెండు మందిల నేను పన్నెండోవాణ్ణి.
లతీఫ్ సారు నా చేతిరాత చూసి
స్కోరు బుక్కు ఇచ్చిండు.
"ఎత్తు చూసి మాత్రం ఇయ్యలే" అని మావోళ్ళు నవ్విన్రు.
మనకు నీలం పెన్ను, అవతలోళ్ళకు ఎరుపు.

కొత్త నెట్టుకు కాలేజీల పైసల్లేవు.
సైదులు వాళ్ళ చిన్నాయన
ఎడమ కాల్వల చేపలు పట్టే నైలాన్ దారంతోటి
ఒక్క పూటల అల్లిచ్చిండు.
అండ్ల పడ్డ బంతి
జర్రసేపు గింజుకొని జారేది.
"బొచ్చె పడ్డదిరో" అని అరిచేటోళ్ళం.
నా బుక్కుల మూడు పాయింట్ల కాడల్లా
చిన్న చేప బొమ్మ ఉంటది.

జెర్సీలు రైస్ మిల్లు సేటు ఇచ్చిండు.
వీపు మీద నంబరు కన్న మిల్లు పేరే పెద్దగ.
భానుప్రసాద్ రాత్రి మోసే బస్తా మీద
అదే పేరు, అదే రంగు.
తలల ఊక దులుపుకుంట ప్రాక్టీసుకొచ్చేటోడు.
సంక తడిసేదాంక ఉరికి
ఫస్ట్ పీరియడ్ల నిద్రపోయేటోడు.

నవంబర్ల నల్లగొండ.
ముప్పై ఆరు తేడాతోటి ఓడినం.
ఎర్ర పెన్ను సగం ఆ ఒక్క పూటకే అయిపోయింది.

డిసెంబర్ల సూర్యాపేట. పదకొండు.
మంచి బూట్లు రెండే జతలు.
బయటికొచ్చేటోడు విప్పి
లోపలికి పోయేటోడు తొడిగేదాంక
రెఫరీ విజిల్ నోట్ల పెట్టుకొని నిలబడ్డడు.

జనవరిల దేవరకొండ.
హతీరాం తండా అక్కడికి నాలుగు కిలోమీటర్లు.
వాళ్ళ యాడి మొదటిసారి ఆట చూడొచ్చింది.
కొడుకు బంతిని నేలకేసి కొట్టినప్పుడల్లా
"ఎందుకు కొడ్తవ్‌రా, సంకల పెట్టుకొని ఉరుకరాదూ!"
జనమంత ఆమె దిక్కే చూసిన్రు.
నలభై రెండు, ముప్పై తొమ్మిది.
గెలిచినం.
నీలం పెన్ను కారి నా జేబు ఖరాబైంది.
అమ్మ రెండుసార్లు సబ్బేసింది, పోలే.
మూడోసారి నేనే వద్దన్న.

ఫిబ్రవరిల పాలమూరు పిలిచింది.
ఒకనికి జరం, ఒకనికి సప్లిమెంటరీ,
భానుకు మిల్లుల సెలవు దొరకలే.
పన్నెండు మందిల బస్సెక్కింది ఏడుగురం.
కల్వకుర్తి దాటినంక ఎవ్వడూ మాట్లాడలే.

సెమీస్.
సైదులు మడిమ బెణికి సగంలనే కూసున్నడు.
యాభై ఏడు, యాభై ఎనిమిది,
నలభై సెకన్లున్నయి అనంగ
మొయిన్‌కు అయిదో ఫౌలు.
లతీఫ్ సారు బెంచీ దిక్కు చూసిండు.
బెంచీ మీద ఒక కుంటి కాలు,
ఒక స్కోరు బుక్కు.
ఏమీ అనకుండ
నా చేతిలకెళ్ళి పెన్ను తీసుకున్నడు.

మొయిన్ బూట్లు నాకు ఒక సైజు పెద్దవి.
లోపల ఇంకా వెచ్చగున్నయి.

బంతి నా చేతికి ఒక్కసారే వచ్చింది.
హతీరాం ఎక్కడున్నడో తిరిగి చూడలే.
ఏడాదంత వాణ్ణి రాసినోణ్ణి గదా,
ఎడమ మూలకు ఉరుకుతడని
నా మణికట్టుకే ఎరుక.
ఇచ్చిన.
వాడు ఎగిరిండు.
బంతి రింగు మీద రెండు సుట్లు తిరిగి
బయటి దిక్కు ఒరిగింది.

వాపస్ బస్సుల, జడ్చర్ల లైట్ల వెలుతుర్ల
బుక్కు తెరిచి చూస్తే
ఆ నలభై సెకన్ల కాడ ఒక్క గీత లేదు.
"రాయలేదా సారూ?"
"చూసుకుంటున్నరా" అన్నడు,
కిటికీ దిక్కు తిరిగి.

మర్నాడు ప్రాక్టీసు లేదు.
అయినా అయిదింటికే మెలకువ.
కోర్టుకు పోయేసరికి
భాను బస్తాలు దించి వచ్చి
చీపురు పట్టే ఉన్నడు.
"ఎంత తేడా?" అనడిగిండు, తల ఎత్తకుండ.
చెప్పిన.
మళ్ళ ఊడ్వబట్టిండు.
మొయిన్ బూట్లు నా కాళ్ళకే ఉన్నయి.
వాడింకా అడుగలే.